చిన్న దుకాణం, కొత్త పనిముట్టు

చిన్న వ్యాపారంలో ఇంటి ఖర్చూ దుకాణం ఖర్చూ ఒకే గల్లాపెట్టెలోంచి వెళతాయి. పెద్ద సంస్థ కొన్న యంత్రం సరిగా పనిచేయకపోతే ఆ డబ్బు నష్టాల పద్దులో పడుతుంది, అంతటితో సరి. కిరాణా కొట్టు, వీధి చివరి ప్రెస్సు, మగ్గం ఉన్న ఇల్లు, ఇడ్లీ బండి అలా కాదు. అక్కడ యంత్రానికి పెట్టిన డబ్బు పిల్లల ఫీజులోంచో, పండగ సరుకు కోసం దాచినదాంట్లోంచో, తాకట్టు పెట్టిన బంగారంలోంచో వస్తుంది. అందుకే ఆధునిక సాంకేతికత విషయంలో చిన్న వ్యాపారిని వాడడం వచ్చా రాదా అన్న ఒక్క ప్రశ్నతో తూచడం సరికాదు. అది మొరాయిస్తే ఆ రోజు బేరం ఏమవుతుంది, బాగుచేసేవాడు ఊళ్లో ఉన్నాడా, గిరాకీ అడుగుతోందా, పెట్టిన డబ్బు ఎన్నాళ్లకు చేతికొస్తుంది అని అతను వేసుకునే లెక్కలు వేరే ఉంటాయి. ఆ లెక్కలు తేలేదాకా ఆగుతాడు. తేలాక కూడా మొత్తం మార్చడు. తన పనిలో ఎక్కడ నొప్పి ఉందో అక్కడే కొత్త పనిముట్టు పెట్టుకుని, తక్కినదంతా పాత పద్ధతిలోనే నడిపిస్తాడు. చాలామంది దీన్ని వెనకబాటు అనుకుంటారు. నిజానికి ఇది నష్టాన్ని తన నెత్తిన ఎంత వేసుకోవాలో తెలిసిన నేర్పు.

చట్టంలో చిన్న వ్యాపారానికి ఉన్న నిర్వచనం ఈ చర్చకు అంతగా ఉపయోగపడదు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల (ఎంఎస్ఎంఈ) చట్టం కింద 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన పరిమితుల ప్రకారం, యంత్ర సామగ్రి మీద రెండున్నర కోట్ల రూపాయల దాకా పెట్టుబడి, ఏడాదికి పది కోట్ల దాకా టర్నోవరు ఉన్న సంస్థ కూడా సూక్ష్మ సంస్థే. రెండు మగ్గాల ఇల్లూ, ఏడాదికి తొమ్మిది కోట్ల సరుకు తిప్పే సంస్థా ఒకే వరసలో కూర్చుంటాయి. యజమానే కౌంటరు దగ్గర నిలబడి, తనే సరుకు తూచి, తనే పద్దు రాసుకునే వ్యాపారాలకే ఈ ఉపన్యాసం పరిమితం. తెలుగునాట అందరూ దగ్గరగా చూసిన మూడు పనులు ఇందుకు చాలు: అచ్చు, నేత, కొట్టు.

1980ల చివరి దాకా చిన్న ప్రెస్సు అంటే ఒక ట్రెడిల్ మిషను, కొన్ని కేసుల సీసపు టైపు, ఇద్దరు ముగ్గురు కంపోజిటర్లు. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు బుక్కులు, బడి ప్రశ్నపత్రాలు, అప్పుడప్పుడూ ఒక కవితా సంపుటి. తెలుగు కంపోజింగు ఇంగ్లీషు కంపోజింగు కంటే చాలా కష్టం. ఇంగ్లీషుకి పెద్దబడి, చిన్నబడి, అంకెలు, విరామ చిహ్నాలు కలిపినా వందకు అటూ ఇటూగా గళ్లు చాలు. తెలుగుకి గుణింతాలూ వత్తులూ చేరి కొన్ని వందల గళ్లు కావాలి. కంపోజిటరు చూపు కాపీ మీద ఉండేది, చెయ్యి తనంతట తాను గడి వెతుక్కుంటూ పోయేది. ఒక్కొక్క అక్షరం ఏరి స్టిక్కులో పేర్చి, పంక్తి నిండాక బిగించి గాలీ అనే పళ్లెంలోకి దించేవాడు. ప్రూఫు తీసి, తప్పులు దిద్ది, ఫారం బిగించి మిషనెక్కించేవారు. అచ్చయ్యాక ఆ టైపునంతా విప్పి మళ్లీ ఏ అక్షరాన్ని ఆ గడిలో వేయాలి. తిరిగి వేసే ఈ పనికీ కూలి పడేది. అచ్చు వేయించుకునేవాడికి మాత్రం అది కనబడేది కాదు.

అసలు ఇరుకు టైపు దగ్గరే ఉండేది. సీసం ఖరీదైనది. చాలా ప్రెస్సుల్లో ఒకటి రెండు ఫారాలకు సరిపడా టైపే ఉండేది. పదహారు పేజీలు కట్టి, వెయ్యి కాపీలూ తీసేసి, టైపు విప్పితే గానీ తర్వాతి పదహారు పేజీలు మొదలయ్యేవి కావు. ఆఖరి అధ్యాయం ప్రూఫు చూస్తున్న రచయితకు మొదటి అధ్యాయంలో ఒక మాట మార్చాలని తోచినా దారి లేదు, అది అప్పటికే కాగితం మీద వెయ్యిసార్లు పడిపోయి ఉండేది. పుస్తకానికి నెలల తరబడి పట్టడానికి మనుషుల బద్ధకం కంటే ఈ టైపు కొరతే పెద్ద కారణం.

1985లో ఆల్డస్ సంస్థ పేజీలు కట్టే సాఫ్ట్‌వేరు పేజ్‌మేకర్‌ను, ఆపిల్ సంస్థ లేజర్ ప్రింటరును తెచ్చాక ఈ ఇరుకు తీరే మార్గం దొరికింది. అయితే కంప్యూటరు, లేజర్ ప్రింటరు, తెలుగు ఫాంట్లు, అవి నడిపే మనిషి, ఇవన్నీ ఒకేసారి కొనగల స్తోమత ట్రెడిల్ ప్రెస్సుకు ఎక్కడిది? ఇక్కడే చిన్న వ్యాపారం తెలివిగా పని పంచుకుంది. తొంభైలలో ప్రెస్సుల పక్క సందుల్లో డీటీపీ కేంద్రాలు వెలిశాయి. ఒక యువకుడో యువతో అప్పు చేసి కంప్యూటరు పెట్టుకుని పేజీకి ఇంత అని తీసుకునేవారు. ప్రెస్సు యజమాని రాతప్రతి అక్కడ ఇచ్చి, ట్రేసింగ్ పేపరు మీద లేజర్ ప్రింటు తెచ్చుకుని, మరోచోట ప్లేటు చేయించి, మినీ ఆఫ్‌సెట్ ఉన్న ఇంకోచోట అచ్చు వేయించి, బైండింగు తన దగ్గర చేసుకునేవాడు. కంప్యూటరు కొనకుండానే కంప్యూటరు వాడాడు. విజయవాడలోనూ హైదరాబాదు చిక్కడపల్లి చుట్టుపక్కలా అచ్చు పని అంతా ఇలా సందు సందుకీ ముక్కలై, ఒకే పుస్తకం నాలుగు దుకాణాలు తిరిగి బయటకు వచ్చేది. ఏ ఒక్క దుకాణమూ మొత్తం నష్టానికి ఎదురు నిలవాల్సిన అవసరం లేకపోయింది.

సీసపు టైపు పాత లోహం ధరకు అమ్ముడుపోయింది. ట్రెడిల్ మాత్రం చాలా చోట్ల పోలేదు. బిల్లు బుక్కు మీద వరస నంబర్లు వేయడానికి, చించుకునే చోట చుక్కల గీత కొట్టడానికి, శుభలేఖ మడత దగ్గర నొక్కు వేయడానికి, కార్డును ఆకారంగా కోయడానికి మామూలు ఆఫ్‌సెట్ మిషను అంతగా పనికిరాదు. అందువల్ల అక్షరాలు అచ్చువేయడం మానేసిన ట్రెడిల్, అంకెలు వేస్తూ అట్టలు కోస్తూ కొత్త కొలువులో కుదురుకుంది. ఏ యంత్రం పోతుంది, ఏది ఉంటుంది అన్నది పాతదా కొత్తదా అన్నదాన్ని బట్టి తేలలేదు. గిరాకీ తెచ్చే పనిలో ఏ ముక్కకు అది అక్కరకొస్తుందో దాన్ని బట్టే తేలింది.

ఫాంట్ల కథ ఇంతకంటే లోతైనది. తొలినాటి తెలుగు ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన స్థానాల్లోనే తెలుగు ముక్కల్ని అమర్చుకున్నాయి. ఒక ఫాంటులో ఉండేవి రెండు వందల పైచిలుకు స్థానాలు. తెలుగులో అక్షరాల కూర్పులు వేలల్లో ఉంటాయి. అందుకని తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, వత్తు ఒక ముక్కగా విడదీసి, కీబోర్డు సాఫ్ట్‌వేరు వాటిని అతికించేలా చేశారు. శ్రీలిపి, అనూ వంటివి ఈ పద్ధతిలోనే పనిచేశాయి. అనూలో కంపోజ్ చేసిన పేజీని ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే ఒక్క తెలుగు అక్షరం కనబడదు, తలాతోకా లేని ఇంగ్లీషు గుర్తుల గుంపు కనబడుతుంది. ప్రతి లిపికీ సొంత స్థానాలిచ్చే యూనికోడ్ 1991లో వచ్చినప్పుడు మొదటి కూర్పులోనే తెలుగుకు చోటు దక్కింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు ఇంటింటి కంప్యూటరులోకీ వచ్చింది. ఆ తర్వాత పదేళ్లకు సిలికానాంధ్ర చొరవతో మండలి, గిడుగు, గురజాడ, సూరన్న, రామభద్ర వంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లూ వచ్చాయి.

ఇంత జరిగినా చాలా డీటీపీ కేంద్రాల్లో పేజ్‌మేకరూ అనూ కదలలేదు. పేజ్‌మేకర్ చివరి పెద్ద కూర్పు 7.0 వచ్చింది 2001లో. దాని తర్వాతి తరం ఇన్‌డిజైన్ 1999 నుంచే ఉంది. కానీ అందులో తెలుగు యూనికోడ్ వత్తులు సరిగా కూర్చునే ఏర్పాటు 2012 నాటి సీఎస్6 కూర్పుతో గానీ కుదురుకోలేదు. పేజీ అందంలో రాజీపడని ఆపరేటరు అప్పటిదాకా ఎందుకు మారాలి? పైగా ఇరవై ఏళ్లుగా కట్టిన పుస్తకాల ఫైళ్లన్నీ పాత ఫాంటులోనే ఉన్నాయి. రెండో ముద్రణ అడిగిన ప్రచురణకర్తకు నాలుగు పేజీలు మార్చి ఇస్తే సరిపోయే పనికి మళ్లీ మొదటినుంచి కూర్చోవాలా? వేళ్లకు అలవాటైన కీబోర్డు వదిలితే వేగం సగానికి పడిపోతుంది, పేజీ లెక్కన తీసుకునే కూలీ దాంతో సగమవుతుంది. కొత్త సాఫ్ట్‌వేరుకు నెలనెలా చందా కట్టాలి. పాతది మాత్రం చాలా చోట్ల లైసెన్సు లేని కాపీ. చిన్న వ్యాపారంలో కంప్యూటరు వాడకం ఇన్నాళ్లూ ఎంతో కొంత ఈ దొంగ కాపీల మీదే నిలబడిందన్న నిజాన్ని దాచడం వల్ల ప్రయోజనం లేదు. న్యాయమైన ధరకు దొరికి ఉంటే కొనేవాళ్లు చాలామందే ఉండేవారు.

పాత ఫాంటుకూ యూనికోడ్‌కూ మధ్య ఉన్న ఈ ఎడానికి చిన్న దుకాణాలు పట్టుకున్న విరుగుడు కన్వర్టరు. రచయిత ఫోనులో యూనికోడ్‌లో టైపు చేసి వాట్సాప్‌లో పంపిస్తాడు. ఆపరేటరు దాన్ని అనూలోకి మార్చుకుని పేజీ కడతాడు. వెబ్‌సైటుకో ఈ-పుస్తకానికో కావాలంటే మళ్లీ వెనక్కి యూనికోడ్‌లోకి తిప్పుతాడు. తిప్పినప్పుడల్లా కొన్ని వత్తులు చెదురుతాయి, ప్రూఫురీడరు కళ్లకు మరో విడత పని పడుతుంది. ఇది మెరుగైన మార్గం కానే కాదు. దీని మూల్యం తెలుగు సమాజమంతా చెల్లిస్తోంది. పాత ఫాంట్లలో చిక్కుకున్న పుస్తకాలు వెతికితే దొరకవు, చూపులేని వారికి చదివి వినిపించే సాఫ్ట్‌వేరుకు అందవు. కానీ ఆ ఖర్చు ఏ ఒక్క డీటీపీ కేంద్రం పద్దులోనూ కనబడదు, మార్చుకునే ఖర్చు మాత్రం పూర్తిగా దాని పద్దులోనే పడుతుంది. ఈ తేడా తీరనంతకాలం హితబోధలు ఎన్ని చేసినా మార్పు నత్తనడకే నడుస్తుంది.

ఇక అచ్చు పనిలోని మనుషుల సంగతి. కంపోజిటర్లలో కొందరు కీబోర్డు నేర్చుకున్నారు, కొందరు ప్రూఫులకు మళ్లారు, చదవగలిగిన కన్ను ఉంది కనుక ఆ పనిలో రాణించారు. వయసు మళ్లినవారిలో చాలామందికి బైండింగు బల్లో, ఖాళీ చేతులో మిగిలాయి. డీటీపీ గదుల్లోకి యువతులు పెద్ద సంఖ్యలో వచ్చారు. సీసపు ధూళి, నిలుచుని చేసే పని పోవడం ఆ మార్పులో మంచి భాగం. డిజిటల్ ముద్రణ వచ్చాక వెయ్యి కాపీల కట్టుబాటు కూడా తెగిపోయింది. వంద కాపీలతో పుస్తకం వేయించుకునే వీలు కలిగి, అమ్ముడుపోని కట్టలు అటకెక్కడం తగ్గింది.

నేతలో సాంకేతికత ప్రవేశించిన తీరు దీనికి భిన్నం. పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం ప్రాంతంలో ఇక్కత్ చీరకు నూలును ముందే లెక్కప్రకారం ముడులు కట్టి రంగుల్లో ముంచుతారు. ముడులకు సైకిలు ట్యూబును సన్నగా కోసిన రబ్బరు పట్టీలు వాడతారు, రంగు లోపలికి దిగనివ్వకుండా అంత గట్టిగా పట్టే వస్తువు ఇంకోటి అంత చవగ్గా దొరకదు. ఈ ముడులు కట్టడానికి ముందు పేక నూలును ఆసు పోయాలి. ఒక చివర మేకు, దానికెదురుగా అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు. దారాన్ని అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు తొమ్మిది వేల సార్లు ఆడాలి. నాలుగైదు గంటల పని. చేసేది ఎక్కువగా ఇంటి ఆడవాళ్లు. భుజం, మోచెయ్యి పట్టేసి రాత్రి అన్నం కలుపుకోవడమే కష్టమయ్యే పని అది. కూలి లెక్కల్లో దీనికి ఎన్నడూ సరైన చోటు దక్కలేదు.

ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, తన తల్లి లక్ష్మి పడుతున్న ఈ బాధ చూసి 1992లో యంత్రం చేయడానికి పూనుకున్నారు. బడి చదువు చిన్నప్పుడే ఆగిపోయింది. డబ్బు లేక పని మధ్యలో నిలిచింది, ఊళ్లో మాటలు పడ్డారు, హైదరాబాదు వెళ్లి పనిచేసుకుంటూ మిగిలిన భాగాలు ఆలోచించారు. 1999లో యంత్రం పూర్తయింది. దానికి తల్లి పేరే పెట్టారు. లక్ష్మీ ఆసు యంత్రం మీద ఒక చీర ఆసు గంటన్నరలో అయిపోతుంది. పల్లె సృజన సంస్థ, జాతీయ ఇన్నోవేషన్ ఫౌండేషన్ అండగా నిలిచాయి. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఈ యంత్రాన్ని నేతగాళ్లు ఎందుకు ఒప్పుకున్నారో గమనించాలి. అది మగ్గాన్ని ముట్టుకోలేదు. రంగు, ముడి, డిజైను, నేత అన్నీ చేతి పనిగానే మిగిలాయి. చేనేత అన్న గుర్తింపు మీదే పోచంపల్లి చీర ధర నిలబడి ఉంది. భౌగోళిక గుర్తింపు ఉన్నదీ, 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం కాపాడేదీ ఆ గుర్తింపునే. మగ్గానికి మోటారు బిగిస్తే వేగం పెరుగుతుంది, విలువ కూలిపోతుంది. ఆసుకు మోటారు బిగిస్తే చీర విలువలో నలుసంత తేడా రాదు, మనిషి భుజం మాత్రం బాగుపడుతుంది. పైగా తయారుచేసినవాడు పక్క ఊరివాడు. చెడితే కబురు పెడితే వస్తాడు, వాడేవారి ఫిర్యాదును బట్టి తర్వాతి యంత్రంలో మార్పు చేస్తాడు. ప్రయోగశాలలో తయారై రాయితీ మీద పంచిన యంత్రాలెన్నో మూల పడడానికీ, ఇది నిలవడానికీ తేడా అక్కడుంది.

అయితే చట్టం ఉన్నా, ఇతరుల చేతిలోని సాంకేతికత నుంచి నేతగాడికి ఆచరణలో పెద్దగా రక్షణ లేదు. ఇక్కత్ గీతల్ని అచ్చుగుద్దిన మరమగ్గాల చీరలు చాలా తక్కువ ధరకు బజారులో దిగాయి. ఫోనులో ఫోటో పెట్టి నేరుగా అమ్ముకునే సౌకర్యం నేతగాడికి దళారిని తప్పించింది కానీ, ఆ ఫోటోలోంచే డిజైను జారిపోయే దారీ తెరిచింది. కొందరు మాస్టరు వీవర్లు కొత్త డిజైను పూర్తి ఫోటో పెట్టరు, కొంగు మూల ఒక్కటే చూపి మిగిలింది నమ్మకమైన ఖాతాదారుకే పంపుతారు. వాట్సాప్‌ను ఎలా వాడాలో ఇంత సూక్ష్మంగా ఏ శిక్షణా తరగతీ చెప్పలేదు.

కొట్టు దగ్గరి మార్పు అన్నిటికంటే వేగంగా వచ్చింది. ఏకీకృత చెల్లింపుల వ్యవస్థ యూపీఐ 2016 ఏప్రిల్‌లో మొదలైంది. అదే ఏడాది నవంబరు 8 రాత్రి ఐదు వందలు, వెయ్యి నోట్లు చెల్లవన్న ప్రకటన వచ్చింది. ఆ వారాల్లో కిరాణా కొట్లను ఆదుకున్నది ఏ యాపూ కాదు, అరువు పుస్తకం. తెలిసిన మొహాలకు పద్దు రాసి సరుకిచ్చి కొట్లు నడిపారు. స్వైపు మిషన్లు చిన్న కొట్లకు అందలేదు. అందినా కార్డు మీద జరిగిన ప్రతి బేరంలో బ్యాంకు కొంత శాతం పట్టుకునేది, ఉప్పూ పప్పూ అమ్మే కొట్టులో మిగిలే లాభమే సన్నం. తర్వాతి రెండు మూడేళ్లలో కంపెనీల కుర్రాళ్లు కొట్టు కొట్టుకీ తిరిగి క్యూఆర్ స్టిక్కర్లు ఉచితంగా అతికించారు. 2020 జనవరి 1 నుంచి యూపీఐ చెల్లింపుల మీద వ్యాపారి రుసుము సున్నా అయింది. ఆ వెంటనే కరోనా వచ్చి నోటు పట్టుకోవడానికే జనం జంకారు. 2023 ఆగస్టులో యూపీఐ చెల్లింపుల సంఖ్య తొలిసారి నెలకు వెయ్యి కోట్లు దాటింది, 2025 ఆగస్టులో రెండు వేల కోట్లు దాటింది.

ఈ వేగానికి మూలం ఖర్చు చోటు మారడంలో ఉంది. స్వైపు మిషను కొట్టువాడు పెట్టుకోవలసిన యంత్రం. క్యూఆర్ పద్ధతిలో యంత్రం ఖాతాదారు జేబులోనే ఉంది, కొట్టువాడి వైపు ఉన్నది ఒక కాగితం. కరెంటు అక్కర్లేదు, చెడిపోదు, చినిగితే ఇంకోటి అతికించుకోవచ్చు. గంపలో కూరగాయలమ్మే మనిషి కూడా తట్ట అంచుకు కట్టుకోగల సాంకేతికత అంతకుముందు రాలేదు.

కానీ కాగితం మాట్లాడదు. పొద్దున్న ఏడున్నరకు టిఫిను బండి దగ్గర చూస్తే ఆ ఇబ్బంది తెలుస్తుంది. ఒక చేత్తో పెనం మీద అట్టు తిప్పుతూ, రెండో చేత్తో చట్నీ పోస్తూ, చుట్టూ పదిమంది ప్లేట్లు చాస్తుంటే, పిండి చేతులతో ఫోను తీసి డబ్బు పడిందో లేదో చూసుకోవడం కుదిరే పని కాదు. ఖాతాదారు స్క్రీను చూపిస్తాడు, దాంట్లో పచ్చ టిక్కు కనబడుతుంది, అది నిన్నటిదో ఉత్తుత్తిదో ఎవరికి తెలుసు. ఆ అవసరంలోంచి వచ్చిందే సౌండుబాక్సు. సొంత సిమ్ముతో, బ్యాటరీతో, ఎన్ని రూపాయలు అందాయో తెలుగులోనే గట్టిగా చెప్పే చిన్న డబ్బా. చదువు రాకపోయినా, చేతులు ఖాళీ లేకపోయినా వినబడుతుంది. వ్యవస్థను కట్టినవారు ఫోనుకు వచ్చే మెసేజీ చాలనుకున్నారు. బండి దగ్గరి రద్దీ అది చాలదని తేల్చింది. అయితే దీంతో సున్నా ఖర్చు అన్న మాట పోయింది, నెలనెలా అద్దె వచ్చి చేరింది. వ్యాపారి ఆ అద్దెను గొణుక్కుంటూనే కడుతున్నాడు, ఎందుకంటే మోసపోయిన ఒక్క బేరం అంతకంటే బాధిస్తుంది.

డబ్బు బ్యాంకులో పడడం మరో సర్దుబాటుకు దారితీసింది. తెల్లవారుజామున మార్కెట్లో బుట్టలెత్తేటప్పుడు రొక్కం కావాలి, హమాలీకి రొక్కం కావాలి, రోజువారీ వడ్డీ వసూలుకు వచ్చేవాడికి రొక్కం కావాలి. పాత అప్పు వాయిదా ఉన్న ఖాతాలోకి గల్లా డబ్బు పడితే, సరుకు తేవడానికి దాచిన సొమ్ము వాయిదా కింద తెల్లారేసరికి మాయమవుతుంది. అందుకే చాలా కొట్లలో స్టిక్కరు మీది పేరు యజమానిది ఉండదు. భార్యదో, కొడుకుదో, తమ్ముడిదో ఉంటుంది. చూసేవారికి ఇది గందరగోళం. వ్యాపారికి మాత్రం సరుకు డబ్బునూ అప్పు డబ్బునూ విడదీసే గోడ. అదే సమయంలో భార్య పేరు మీద ఖాతా ఉండడం వల్ల కొన్ని ఇళ్లలో రోజు ఎంత వచ్చిందో ఇల్లాలికి మొదటిసారి లెక్కగా తెలిసింది. ఇది చిన్న విషయం కాదు.

అరువు పుస్తకం దగ్గర మాత్రం కొత్త పనిముట్టు అంతగా చొరబడలేదు. పద్దు రాసుకుని బాకీదారుకు గుర్తుచేసే మెసేజీ పంపే యాపులు వచ్చాయి, ఖాతాబుక్, ఓకేక్రెడిట్ వంటివి చాలామంది దింపుకున్నారు కూడా. కానీ అరువు నడిచేది మొహమాటం మీద. గోడ మీద అప్పు రేపు అని రాసిపెట్టిన కొట్టువాడే నెలజీతం ఆలస్యమైన ఇంటికి బియ్యం తూచి ఇస్తాడు. అడగాల్సిన రోజు, అడగకూడని రోజు అతనికి తెలుసు. ఇంట్లో చావు జరిగిన వారం మెసేజీ వెళ్లిందంటే ఆ ఇల్లు బాకీ కట్టి, కొట్టు మార్చేస్తుంది. అందుకే చాలామంది పద్దు ఫోనులో ఎక్కించినా గుర్తుచేసే మీట నొక్కరు. అట్ట వేసిన పొడుగాటి పుస్తకం గల్లా పక్కన అలాగే ఉంది.

పన్నుల లెక్క వ్యాపారి ఇష్టంతో నిమిత్తం లేకుండా కంప్యూటరును కొట్టులోకి తెచ్చింది. 2017 జూలై 1న జీఎస్టీ మొదలయ్యాక నమోదైన ప్రతి వ్యాపారీ రిటర్నులు పోర్టలులోనే వేయాలి. ఇక్కడా పాత ఉపాయమే పనికొచ్చింది, కంప్యూటరును కొనకుండా మనిషిని పంచుకున్నారు. వారానికోసారి వచ్చే పార్ట్‌టైం అకౌంటెంటు ఒకే వీధిలో పది కొట్ల బిల్లులు తీసుకెళ్లి టాలీలో ఎక్కిస్తాడు. ఆ టాలీ పుట్టుక కూడా ఇలాంటి అవసరంలోనే ఉంది. 1980ల్లో బెంగళూరులో తండ్రి శ్యామ్‌సుందర్ గోయెంకా వ్యాపారానికి సరిపడే లెక్కల సాఫ్ట్‌వేరు దొరక్క కొడుకు భరత్ గోయెంకా రాసిన ప్రోగ్రాము అది. వ్యాపారికి ఎలాంటి కోడ్లూ గుర్తుపెట్టుకునే పని లేకుండా, మామూలు పేర్లతోనే పద్దు రాసుకునేలా దాన్ని తీర్చిదిద్దడం వల్లే భారతీయ దుకాణాల్లో అంతగా పాతుకుపోయింది.

డిజిటల్ చెల్లింపు వెనక ఒక జాడ మిగులుతుంది. ఆ జాడ చూసి అప్పిచ్చే సంస్థలున్నాయి. బ్యాంకు గుమ్మం ఎక్కలేని బండివాడికి అది మేలే. 2020 జూన్‌లో వచ్చిన పీఎం స్వనిధి పథకం వీధి వ్యాపారులకు తొలి విడత పదివేల రూపాయల అప్పుతో పాటు డిజిటల్ చెల్లింపులకు క్యాష్‌బ్యాక్ కూడా ఇచ్చింది. అదే జాడ పన్ను అధికారికీ కనబడుతుంది. 2025 జూలైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ లెక్కల ఆధారంగా వేలమంది చిన్న వ్యాపారులకు నోటీసులు పంపింది. వాటిలో కొన్నిటిలో అడిగిన పన్ను లక్షల్లో ఉంది. బెంగళూరులో టీ కొట్లు, బేకరీలు, కూరగాయల దుకాణాలు స్టిక్కర్లు పీకేసి, రొక్కమే తీసుకుంటామని బోర్డులు పెట్టాయి. పన్ను లేని పాలూ కూరగాయలూ అమ్మినవాడి ఖాతాలో పడిన మొత్తం, అప్పుగా తెచ్చుకున్న డబ్బు, బంధువు పంపింది, అన్నీ ఒక్క కుప్పగా కనబడడమే ఆ గొడవకు మూలం. పాత బాకీల వసూలు ఉండదని ప్రభుత్వం చెప్పాక గొడవ సద్దుమణిగింది. పన్ను ఎగ్గొట్టే హక్కు ఎవరికీ లేదు, అందులో మారుమాట లేదు. కానీ డిజిటల్‌లోకి రమ్మని ఏళ్లపాటు పిలిచి, వచ్చినవాడి ఖాతాలో దేన్ని అమ్మకంగా లెక్కిస్తారో ముందు చెప్పకపోతే, పిలిచినవారి మాట మీద నమ్మకం పోతుంది.

ప్రభుత్వ సాయంలో కూడా ఇలాంటి ఖాళీలున్నాయి. చిన్న సంస్థ సరుకు తీసుకున్నవారు 45 రోజుల్లోగా డబ్బు కట్టాలన్న నియమం 2006 చట్టంలోనే ఉంది, తర్వాత ఆదాయపు పన్ను చట్టం దానికి కోరలు ఇచ్చింది. చిల్లర, టోకు వర్తకులను 2021 జూలైలో ఎంఎస్ఎంఈల్లో చేర్చినా అది బ్యాంకు రుణాల వరకే, ఈ 45 రోజుల రక్షణ వారికి వర్తించదు. చేతికి డబ్బు ఎప్పుడొస్తుందో తెలియని వ్యాపారి కొత్త యంత్రానికి వాయిదాలు ఒప్పుకోడు.

ఇక మిగిలింది మరమ్మతు. తొంభైలలో, ఆ తర్వాతా తెలంగాణ జిల్లాల డీటీపీ కేంద్రాలకు చేరిన కంప్యూటర్లలో చాలా వాటి పుట్టిల్లు సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరు. అక్కడి దుకాణాల్లో విడిభాగాలు కొని బిగించిన అసెంబుల్డ్ కంప్యూటరు కంపెనీ కంప్యూటరు కంటే చవక. అంతకంటే ముఖ్యం, ముక్కలుగా బతుకుతుంది. ఈ ఏడాది మెమరీ, పై ఏడాది హార్డ్‌డిస్కు, డబ్బున్నప్పుడు మానిటరు. ఫోన్ల విషయంలో అబిడ్స్ దగ్గరి జగదీశ్ మార్కెట్టు ఇలాంటి చోటే. చిన్న వ్యాపారానికి సాంకేతికత అందడంలో కంపెనీల షోరూముల పాత్ర కంటే టంకం పెడుతూ కూర్చున్న ఈ మెకానిక్కుల పాత్ర పెద్దది. ట్రెడిల్, ఆసు యంత్రం, అసెంబుల్డ్ కంప్యూటరు, మూడూ విప్పి చూడగల వస్తువులు. సౌండుబాక్సు అలాంటిది కాదు. అది అద్దెది. చెడితే కంపెనీ మార్చి ఇవ్వాలి, లోపలి లెక్క కంపెనీది, మాట్లాడించేది ఎక్కడో ఉన్న సర్వరు. 2024 జనవరి 31న రిజర్వు బ్యాంకు పేటీఎం పేమెంట్స్ బ్యాంకు మీద ఆంక్షలు పెట్టి, ఆపై గడువు పెంచి, మార్చి 15 తర్వాత కొత్త జమలు వద్దన్నప్పుడు, గల్లా డబ్బు ఆ బ్యాంకు ఖాతాలో పడేలా పెట్టుకున్న వ్యాపారులు వేరే బ్యాంకుకు మారాల్సి వచ్చింది. వేరే బ్యాంకు ఖాతాకు కలిపి ఉన్నవారి స్టిక్కర్లు మామూలుగానే పనిచేశాయి. ఎవరి ఖాతా ఎక్కడుందో చాలామంది వ్యాపారులకు ఆ వారాల్లోనే తెలిసింది. ఒకే కొట్టు కౌంటరు మీద ఇప్పుడు రెండు మూడు కంపెనీల స్టిక్కర్లు పక్కపక్కనే కనబడతాయి. ఒకటి ఆగితే ఇంకోటి చూపిస్తారు, రెండూ ఆగితే గల్లాలోని చిల్లరతో బేరం సాగుతుంది.